తలకిందులుగా రాసిన బిడ్డ

వెర్నర్ ఓస్టర్‌హౌస్ ప్రాణం పోతున్నప్పుడు సరిగ్గా ఆయన నెత్తి మీద, చర్చి హాల్లో, రెండు వందల మంది వేయించిన చేపలు తింటున్నారు.

ఈస్టర్‌కి ముందు వచ్చే తపస్సు కాలపు శుక్రవారం. మాంసం ముట్టని రోజు. మిన్నెసోటాలోని ఆ చిన్న ఊళ్ళో, సెయింట్ లాంబర్ట్ చర్చిలో, సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు దాకా చేపల విందు. ఊరు ఊరంతా అక్కడే. చంపిన చేతులు కూడా అక్కడే ఉన్నట్టు లెక్క.

శవాన్ని మొదట చూసింది క్లోటిల్డా పుట్జ్. టైమ్ 7:10. ఆవిడకు డెబ్బై నాలుగేళ్ళు. చర్చి తాళాలు, కొవ్వొత్తులు, బల్లగుడ్డలు అన్నీ ఆవిడ చేతిలోనే. నోరు కూడా చేతిలో ఉంటే బాగుండేదని ఫాదర్ ఇమ్మెల్ అప్పుడప్పుడు అనుకుంటాడు.

కింద బేస్‌మెంట్‌లో రికార్డుల గది. మెట్లు దిగగానే సిమెంటు నేల. ఆ నేల మీద వెర్నర్. తల వెనక రక్తం.

క్లోటిల్డా కేక పెట్టింది. ఫాదర్ పరుగెత్తుకొచ్చి ఫోన్ చేశాడు. 7:24కి అంబులెన్స్ వచ్చింది. వాళ్ళు ఆయన్ని వెల్లకిలా తిప్పి ఎనిమిది నిమిషాలు గుండె మీద నొక్కారు. లాభం లేకపోయింది.

7:50కి కౌంటీ డిటెక్టివ్ ఎడిత్ స్కోబర్ మెట్లు దిగింది. యాభై ఒక్క ఏళ్ళు. పొడుగు మనిషి. నవ్వు తక్కువ.

"మీరు వచ్చేసరికి ఎలా ఉన్నాడు, క్లోటిల్డా గారూ?"

"ఎలా ఉండటమేమిటి తల్లీ, పడుకున్నాడు! పక్కకి తిరిగి, చెయ్యి చెంప కింద పెట్టుకుని, ఒక మోకాలు ముడుచుకుని. కునుకు తీస్తున్నాడేమో అనుకున్నా. 'వెర్నర్, ఇదేమన్నా సత్రమా, లే' అని కసిరాను కూడా. చచ్చినవాణ్ణి కసిరిన పాపం నాకెక్కడ పోతుందో!"

"దేన్నయినా ముట్టుకున్నారా?"

"అమ్మమ్మా, నేనా! ఏమీ ముట్టుకోలేదు. లైటు ఆర్పాను, అంతే."

"ఏ లైటు?"

"అదిగో, ఆ ఫిల్మ్ చూసే మెషిన్ లైటు. చూసేవాడు పోయాక ఇంక ఎవరి కోసం వెలగాలి?"

ఎడిత్ రాసుకుంది. మనిషి పోయాక కూడా బల్బు వెలుగుతుంటే ఓర్వలేని మనుషులు ఆ ఊళ్ళో ఇంకా ఉన్నారు.

బల్ల మీద ఫ్లాస్కు, భూతద్దం, రెండు పెన్సిళ్ళు. పక్కన ఫిల్మ్‌లోని పేజీల్ని తెర మీద పెద్దగా చూపించే పాత మైక్రోఫిల్మ్ మెషిన్, ఇనప్పెట్టెంత ఉంటుంది. అందులో ఫిల్మ్ ఎక్కించే ఉంది. కాని ఒకటి లేదు. వెర్నర్ ఆకుపచ్చ ఫైలు. ఆ ఫైలు చంకలో లేకుండా ఆయన్ని చూసినవాడు ఊళ్ళో ఎవడూ లేడు. స్నానానికి కూడా తీసుకెళ్తాడని పిల్లలు జోకులు వేసేవారు.

"మెట్లు నిటారుగా ఉన్నాయి. ఆయనకి డెబ్బై తొమ్మిది. జారాడు. రాసెయ్," అన్నాడు షెరిఫ్ ఫోన్‌లో.

"జారిపడ్డవాడి ఫైలు ఎక్కడికి జారింది సార్?"

"రేపు సాయంత్రం దాకా టైమ్ ఇస్తున్నాను," అని పెట్టేశాడు.

వెర్నర్ ముప్పై ఆరేళ్ళు హైస్కూల్లో లాటిన్ చెప్పాడు. రిటైరయ్యాక ఊరి వాళ్ళ తాతముత్తాతల్ని వెతకడం మొదలుపెట్టాడు. అదొక పిచ్చి. అయితే ఆ పిచ్చి ఆ ఊళ్ళో అందరికీ ఉంది. నూట నలభై ఏళ్ళ కింద వాళ్ళ పెద్దలు జర్మనీలో వెస్ట్‌ఫాలియా అనే చోట ఒకే పల్లె నుంచి గుంపుగా వచ్చారు. ఆ పల్లె చర్చి పుస్తకాల్లోని ప్రతి పేజీకీ ఫిల్మ్ తీయించి తెప్పించుకున్నారు. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, చావులు. అన్నీ లాటిన్‌లో, కోడి గీతల్లాంటి రాతలో. వాటిని తడుముకోకుండా చదవగలిగినవాడు వెర్నర్ ఒక్కడే. అందుకే ఆయన మాట కోర్టులో కూడా చెల్లేది.

సోమవారం పది గంటలకు ఆయన కోర్టులో ఒక మాట చెప్పాల్సి ఉంది. కెస్సెన్ వాళ్ళ పొలం ఎవరిదో చెప్పాలి.

చెరువు ఒడ్డున రెండు వందల నలభై ఎకరాలు. పాత రాతి ఇల్లు, పశువుల కొట్టం. యజమాని ఆలోయిస్ కెస్సెన్ జనవరిలో పోయాడు. పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, తోబుట్టువులు లేరు. విల్లు రాస్తే చావు దగ్గరికొస్తుందని ఆయన నమ్మకం. విల్లు రాయలేదు. చావు మాత్రం వచ్చింది.

విల్లు లేకపోతే పొలం దగ్గరి రక్తసంబంధీకులకు పోతుంది. ముందుకు వచ్చింది ఇద్దరు. ఒకడు దూరపు దాయాది రాండల్ కెస్సెన్, పెద్ద పట్నంలో ఇళ్ళు కట్టించేవాడు. రెండోది ఆర్డిస్ బ్రింక్. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లోనే ఉండి ఆలోయిస్‌ని చూసుకున్నది ఆవిడే. ఆవిడ అమ్మమ్మకి అమ్మమ్మ, ఎలిజబెత్ కెస్సెన్, ఆలోయిస్ తాతకు అక్క అని వాళ్ళింట్లో చెప్పుకునేవారు. అది రుజువైతే రాండల్‌కంటే ఆర్డిసే ఒక తరం దగ్గర. రుజువు కాకపోతే, పొలం రాండల్‌ది. ఆ రుజువే వెర్నర్ వెతుకుతున్నాడు.

శనివారం ఉదయం 6:15. ఎడిత్ పొలానికి వెళ్ళేసరికి ఆర్డిస్ కొట్టంలో ఉంది. పదకొండు ఆవులు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, చేతులు మగాడి చేతుల్లా ఉన్నాయి. కళ్ళు వాచి ఉన్నాయి.

"లోపలికి పదండి. కాఫీ ఉంది," అంది.

వంటింట్లో కట్టెల పొయ్యి మండుతోంది. కిటికీలోంచి గడ్డకట్టిన చెరువు కనిపిస్తోంది.

"మాస్టారు నాకు మూడేళ్ళు లాటిన్ చెప్పారు. క్లాసులో చివరి బెంచీ నాది. మూడు గంటలకి ఆవుల పాలు తియ్యాలని గంట కొట్టకముందే లేచి పారిపోయేదాన్ని. ఆయన అరిచేవారు. 'ఆర్డిస్! వాక్యం చివరికొస్తే గాని అర్థం తెలీదే!' అని." ఆవిడ ముక్కు తుడుచుకుంది. "నాకు ఈ లోకంలో సాయం చేసింది ఆయనొక్కడే."

"ఆలోయిస్ చాలాకాలం మంచంలో ఉన్నాడట కదా?"

"నాలుగేళ్ళు. అంతకుముందు నేను వృద్ధాశ్రమంలో నర్సుగా చేసేదాన్ని కాబట్టి సరిపోయింది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పేదాన్ని. రాత్రీ పగలూ. నాలుగేళ్ళలో ఒంటి మీద ఒక్క పుండు పడనిచ్చానా, అడగండి ఎవర్నైనా!"

"పొలం రాండల్‌కి పోతే?"

"నలభై కాటేజీలు కడతాట్ట. పట్నం వాళ్ళు వచ్చి చేపలు పట్టుకోడానికి. ఈ ఇల్లు పడగొట్టి అక్కడ పడవలు పెడతాట్ట. ఈ ఆవుల్ని కటికవాళ్ళకి తోలేస్తాడు. నన్నెక్కడికి పొమ్మంటాడో అది మాత్రం వాడి ప్లానులో లేదు."

"మాస్టారు ఏం కనిపెట్టారో చెప్పారా?"

"లేదు. విందయ్యాక చెప్తానన్నారు. ఆయన సంగతి తెలుసు కదా. టైమెంతయిందని అడిగినా ఆదాము దగ్గర మొదలుపెట్టేవారు." ఆర్డిస్ కప్పు కింద పెట్టింది. "ఆకుపచ్చ ఫైలు పోయిందట. ఎవరికి కావాలో ఆ ఫైలు, మీకు నేను చెప్పాలా?"

అక్కర్లేదు. ఊరంతా అదే చెబుతోంది.

9:05. హైవే పక్కన మోటెల్. రాండల్ కెస్సెన్‌కి నలభై తొమ్మిదేళ్ళు. ఇస్త్రీ చొక్కా. తలుపు సగమే తెరిచాడు.

"లాయర్ లేకుండా మాట్లాడను."

"సరే. నిన్న ఆరు గంటలప్పుడు బేస్‌మెంట్ తలుపు దగ్గర మిమ్మల్ని చూసినవాళ్ళున్నారు. లాయర్‌తో పాటు అది కూడా ఆలోచించుకోండి."

తలుపు పూర్తిగా తెరుచుకుంది.

"పక్కనే బాత్రూమ్ మేడమ్! బాత్రూమ్‌కి వెళ్ళడం కూడా నేరమేనా ఈ ఊళ్ళో?"

"టైమ్?"

"5:55. ఫోన్ చూసుకున్నాను, అందుకే గుర్తు."

"మెట్ల తలుపు తీశారా?"

"లేదు. మూసి ఉంది. కింద ముసలాయన గొంతు వినిపించింది. అంతే."

"ఎవరితో మాట్లాడుతున్నాడు?"

"మాట్లాడటం కాదు, పాఠం చెప్తున్నట్టుంది. నిదానంగా, ఒక్కో మాటా పట్టి పట్టి. అవతలివాళ్ళు కిక్కురుమనలేదు." రాండల్ మంచం మీద కూలబడ్డాడు. "చూడండి, నాకు ఆ పొలం కావాలి. దాచుకోను. కెస్సెన్ అనే పేరు నాది, ఆవిడది కాదు. కానీ ఒక ముసలాణ్ణి మెట్ల మీంచి తోసేటంత... ఛీ! ఊళ్ళో వాళ్ళు కారు అద్దం మీద ఉమ్మేశారు పొద్దున్నే."

ఎడిత్ వెళుతూ వెళుతూ ఆ కారు అద్దం చూసింది. నిజమే. ఉమ్మి గడ్డకట్టింది.

10:30కి పోస్ట్‌మార్టమ్ చేసిన డాక్టర్ ఫోన్ చేశాడు.

"తల వెనక పుర్రె చిట్లింది. పడ్డ దెబ్బే. ఛాతీ మీద రెండు అరచేతుల మేర కమిలిన గుర్తులున్నాయి. ముందు నుంచి తోశారు."

"వెంటనే పోయాడా?"

"లేదు. అరగంట. నలభై నిమిషాలు కూడా కావచ్చు. స్పృహ లేదు, ఊపిరి ఉంది."

"ఎవరైనా అంబులెన్స్‌ని పిలిచి ఉంటే?"

"బతికేవాడు," అన్నాడు.

ఎడిత్ ఫోన్ జేబులో పెట్టి కారులోనే కూర్చుండిపోయింది. పైన రెండు వందల మంది. ఎవరో పాట కూడా పాడి ఉంటారు. కింద ఆయన ఊపిరి పీలుస్తూ, వదులుతూ. ఒక్క కేక చాలు. ఆ కేక పెట్టాల్సిన మనిషి మెట్లెక్కి పైకి వెళ్ళి ఉప్పు అందించి ఉండాలి, లేదా అందుకుని ఉండాలి.

11:20. రికార్డుల గది. ఎడిత్ మెషిన్ స్విచ్ వేసింది. ఫాదర్ ఇమ్మెల్ పక్కనే నిలబడ్డాడు. ఆయనకూ కాస్త లాటిన్ వచ్చు.

తెర వెలిగింది. పేజీ తలకిందులుగా ఉంది.

"పాపం, ఫిల్మ్ తిరగేసి పెట్టినట్టున్నాడు," అన్నాడు ఫాదర్.

"ఇరవై ఏళ్ళు ఇదే మెషిన్ మీద కూర్చున్న మనిషి తిరగేసి పెడతాడా ఫాదర్?"

ఎడిత్ వంగి చూసింది. మెషిన్ పక్కన బొమ్మను గుండ్రంగా తిప్పే మర ఉంది. ఫిల్మ్ సరిగానే ఎక్కించారు. మరను కావాలని సగం చుట్టు తిప్పారు. తెర మీద వరసలన్నీ తలకిందులు. మధ్యలో ఒక్కటి మాత్రం, ఒకే ఒక్క వరస, నిటారుగా నిలబడి ఉంది.

"అంటే పుస్తకంలో ఈ ఒక్కటే తలకిందులుగా రాశారన్నమాట. ఎందుకు?"

ఫాదర్ ముఖం వాడిపోయింది. "పాత పద్ధతి. కొన్ని ఊళ్ళలో ఉండేది. పెళ్ళి కాకుండా పుట్టిన బిడ్డ పేరును ఫాదర్లు పుస్తకం తిరగేసి రాసేవారు. పేజీ తెరవగానే అందరికీ తెలియాలని. బిడ్డకి బాప్తిస్మం ఇచ్చిన చేత్తోనే." ఆయన ఆగాడు. "మా వాళ్ళు చేసిన పనుల్లో నాకు సిగ్గుగా ఉండేవాటిలో ఇదొకటి."

"చదవండి."

"1849 నవంబర్ ఆరు. ఎలిజబెత్. తల్లి మరియా, కెస్సెన్ ఇంట్లో పనిమనిషి. తండ్రి..." ఫాదర్ వేలు తెర మీద ఆగింది. "తండ్రి పేరు చోట గీత కొట్టి ఉంది."

"పనిమనిషి కూతురికి కెస్సెన్ అనే పేరెలా వచ్చింది?"

"ఆ ప్రాంతంలో పేరు మనిషికి కాదమ్మా, పొలానికి. ఆ పొలంలో బతికినవాళ్ళందరికీ అదే పేరు. యజమానికీ, అల్లుడికీ, ఒక్కోసారి పాలేరుకి కూడా. అమెరికా వచ్చాక మనవాళ్ళు ఈ సంగతి మరిచిపోయారు. పేరు ఒకటైతే రక్తం ఒకటే అనుకుంటారు."

అంటే ఆర్డిస్ అమ్మమ్మకి అమ్మమ్మ కెస్సెన్ రక్తమే కాదు, అనుకుంది ఎడిత్. ఆమె తల వెనక ఏదో తలుపు నెమ్మదిగా తెరుచుకుంటోంది.

అప్పుడే ఫాదర్ తెరకు ఇంకా దగ్గరగా వంగాడు. "ఆగండి. పేజీ అంచున ఇంకేదో ఉంది." ఫిల్మ్‌ను కాస్త పక్కకు జరిపాడు. మరను వెనక్కి తిప్పాడు. పెదవులు కదుపుతూ చదివాడు.

ఎడిత్ రెండోసారి చదవమంది. ఒక్కో మాటా రాసుకుంది.

12:10కి ఎడిత్ చర్చి వంటగదిలో క్లోటిల్డాను పట్టుకుంది.

"నిన్న వడ్డనలో ఎవరెవరు ఎక్కడున్నారు?"

"చేప నేను. ఆలుగడ్డలు ఫాదర్ చెల్లెలు. క్యాబేజీ సలాడ్ ఆర్డిస్. మంచి సరుకే పెట్టారు సలాడ్ దగ్గర! మధ్యలో గరిటె పడేసి మాయమైపోయింది. జనం పళ్ళాలు పట్టుకుని నా మొహం చూస్తున్నారు. ఒక చేత్తో చేప, ఒక చేత్తో సలాడ్ నేనే వడ్డించుకొచ్చా. నేనేమన్నా అష్టభుజాల దేవతనా?"

"ఎప్పుడు?"

"5:50. ఫాదర్ రెండో విడత ప్రార్థన చెప్పాక. మళ్ళీ 6:10కి ప్రత్యక్షం. ఏమే, ఎక్కడికి పోయావంటే, ఆవులకి గడ్డి వేసొచ్చానంది. అంత దూరం ఇరవై నిమిషాల్లో పోయి రావడానికి రెక్కలున్నాయా అని మనసులో అనుకున్నా."

"నిన్న ఎందుకు చెప్పలేదు?"

"నువ్వడిగావా? లైటు సంగతి అడిగావు. లైటు సంగతి చెప్పాను."

మధ్యాహ్నం 2:30. రికార్డుల గదిలో అయిదుగురు. ఎడిత్, ఫాదర్, క్లోటిల్డా, రాండల్, ఆర్డిస్. మెట్ల దగ్గర యూనిఫామ్‌లో ఒక డెప్యూటీ. నేల మీద రక్తం కడిగేశారు కాని మరక పోలేదు. అందరూ దాన్ని తప్పించుకుని కూర్చున్నారు.

"వాణ్ణి అరెస్ట్ చేశారా లేదా?" అంది ఆర్డిస్, రాండల్ వైపు చూడకుండా.

"ముందు ఒక ప్రశ్న," అంది ఎడిత్. "క్లోటిల్డా గారూ, నిన్న వెర్నర్ ఎలా పడుకుని ఉన్నాడో మళ్ళీ చెప్పండి."

"చెప్పాగా తల్లీ. పక్కకి తిరిగి. చెయ్యి చెంప కింద. మోకాలు ముడుచుకుని."

"మెట్ల మీంచి వెనక్కి పడ్డ మనిషి అలా పడడు. నిన్న నేను అది విని కూడా రాసుకుని ఊరుకున్నాను. నేను వచ్చేసరికి అంబులెన్స్ వాళ్ళు వెల్లకిలా తిప్పేశారు, కాబట్టి కళ్ళతో చూడలేదు. స్పృహ లేనివాడికి నాలుక గొంతుకి అడ్డం పడకుండా అలా పడుకోబెడతారు. ఆయనంతట ఆయన పడుకోలేదు. పడుకోబెట్టారు. తోసిన చేతులే పడుకోబెట్టాయి. అది ఆ చేతులకి అలవాటు. రెండు గంటలకోసారి. నాలుగేళ్ళు."

రాండల్ ఆర్డిస్ చేతుల వైపు చూశాడు.

"మాస్టారు నా తరఫు మనిషి!" ఆర్డిస్ లేచింది. "నాకోసం వెతుకుతున్న మనిషి! ఆయన్ని నేనెందుకు చంపుతాను? మీకేమైనా మతిపోయిందా?"

"అదే నన్ను మధ్యాహ్నం దాకా ఆపింది. రాండల్‌కి కారణం ఉంది. నీకు లేదు. ఈ తెర చూసేదాకా." ఎడిత్ ఫిల్మ్‌నీ మరనీ వెర్నర్ వదిలినట్టే పెట్టి స్విచ్ వేసింది. తలకిందుల పేజీ. మధ్యలో నిటారుగా ఒక వరస. "నిన్న 5:50కి ఆయన నిన్ను పిలిచాడు. ఇది చూపించాడు. నువ్వు ఆయన స్టూడెంటువి, చదవగలవు. పనిమనిషి కూతురు. తండ్రి లేడు. ఇది సోమవారం కోర్టుకెళ్తే పొలం పోతుంది. ఫైలు లాక్కుని మెట్లెక్కావు. ఆయన వెంటపడి వచ్చాడు. తోశావు."

"అబద్ధం."

"ఒంటి గంటకి వారెంట్‌తో మీ వంటింటి పొయ్యి వెతికించాను. బూడిదలో ఫైలు ఇత్తడి క్లిప్పు దొరికింది. ఇత్తడి కాలదు ఆర్డిస్."

ఆర్డిస్ కూర్చుంది. ఆ పెద్ద చేతులు ఒళ్ళో పడి ఉన్నాయి. వాటి వంకే చూస్తూ అంది, "ఊపిరి ఉందని తెలుసు. నాకు తెలుసు. ఎవరైనా వస్తారులే అనుకున్నా. పైకెళ్ళి గరిటె పట్టుకున్నా. ఇప్పుడే వస్తారు, ఇప్పుడే వస్తారు అనుకుంటూ వడ్డించా. ఎవరూ రాలేదు." ఆవిడ తలెత్తింది. "ఆయన ఆ పేజీ కోర్టులో పెడతానన్నారు. వద్దు మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను అన్నా. 'పెట్టి తీరాలే పిచ్చిదానా, కూర్చో, ఇంకా అవలేదు' అంటారు! నా కొంప కూలుతుంటే ఇంకా అవలేదంటారు! పంతొమ్మిదేళ్ళు! ఆ ముసలాడి మలమూత్రాలు ఎత్తాను. పుట్టినప్పట్నుంచీ కెస్సెన్ వాళ్ళమని చెప్పుకున్నాం. దాసీ బిడ్డ వంశమట. గీత కొట్టారట!"

క్లోటిల్డా శిలువ గుర్తు వేసుకుంది.

"ఇంకా అవలేదు, అన్నాడు కదా," అంది ఎడిత్ నెమ్మదిగా. "ఇలా రా. ఇక్కడ కూర్చో."

ఆర్డిస్ మెషిన్ ముందు కూర్చుంది. ఎడిత్ ఫిల్మ్‌ను వేలెడు జరిపింది. తెర మీదికి పేజీ అంచు వచ్చింది. అక్కడ సన్నటి రాత, వేరే సిరా, వేరే చెయ్యి. ఆ రాత తలకిందులుగా ఉంది.

"ఇది రెండేళ్ళ తర్వాత వచ్చిన ఇంకో ఫాదర్ రాశాడు. ఆయన పుస్తకం తిరగెయ్యలేదు. అందరికీ రాసినట్టే రాశాడు. మర వెనక్కి తిప్పు."

ఆర్డిస్ చెయ్యి మర మీద పడింది. తిరిగింది. పేజీ అంతా నిటారుగా నిలబడింది. ఎలిజబెత్ వరస తలకిందులయింది. అంచున ఉన్న రాత నిటారుగా వచ్చింది.

"చదువు."

ఆవిడ పెదవులు కదిలాయి. చివరి బెంచీ స్టూడెంటు. ఒక్కో మాటా కూడబలుక్కుంది.

"1851... ఫిబ్రవరి... ఈ బిడ్డ తండ్రి... తానేనని ఒప్పుకుని... పొలం యజమాని... యోహాన్ కెస్సెన్..." వేలు తర్వాతి మాట మీదికి జరిగింది. "ఈమె తల్లి మరియాను... ఈ చర్చిలో... పెళ్ళాడాడు. బిడ్డ నేటి నుంచి... సక్రమ సంతానం."

"ఆ యోహాన్, ఆ మరియాలకే తర్వాత ఆలోయిస్ తాత పుట్టాడు," అన్నాడు ఫాదర్. "ఎలిజబెత్ ఆయనకి సొంత అక్క. ఒకే తల్లి, ఒకే తండ్రి. వెర్నర్ పేజీ మొత్తం కోర్టులో పెడతానన్నది అందుకే. ఆ వరస లేకుండా ఈ రాత చెల్లదు."

ఆర్డిస్ తెర వంక చూస్తూనే ఉంది. తర్వాత ఆవిడ గొంతులోంచి వచ్చింది ఏడుపు కాదు. పశువు అరుపులాంటిది.

"ముందే చెప్పొచ్చుగా! మంచి మాట ముందు చెప్పొచ్చుగా మాస్టారూ! ఒక్క ముక్క! ఒక్క ముక్క ముందు చెప్తే మీ సొమ్మేం పోయేది!"

డెప్యూటీ మెట్లు దిగి వచ్చాడు. ఆవిడే చేతులు ముందుకు చాపింది.

సోమవారం ఉదయం పది గంటలు. వెర్నర్ చెప్పాల్సిన మాట ఎడిత్ చెప్పింది. పేజీ ప్రింటు ముందుపెట్టింది. ఫాదర్ అనువాదం మీద సంతకం చేశాడు. రాండల్ లాయర్ ఏదో అనబోతే రాండల్ చెయ్యి పట్టుకుని ఆపాడు. 10:40కి జడ్జి తేల్చేశాడు. దగ్గరి రక్తసంబంధం ఆర్డిస్ బ్రింక్. పొలం ఆవిడదే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఎడిత్ కౌంటీ జైలుకు వెళ్ళి అద్దానికి ఇవతల కూర్చుంది. అవతల ఆర్డిస్, నారింజ రంగు చొక్కాలో.

"పొలం నీకు వచ్చింది."

ఆర్డిస్ అద్దానికి దగ్గరగా జరిగింది.

"ఆవులు?"

"పక్క పొలం వాళ్ళు వచ్చి పాలు తీస్తున్నారు."

"చివరి దొడ్డిలో ఉన్నది తంతుంది. ఎడమవైపు నుంచి వెళ్ళమనండి." అద్దం మీద తన ఊపిరి ఆవిరి కడితే చేత్తో తుడిచింది. "గంట కొట్టేదాకా లేవొద్దని మాస్టారు చెప్పేవారు. క్లాసులో అందరూ కూర్చునేవాళ్ళు. నేనొక్కదాన్నే లేచేదాన్ని."